జోలా కళ్లారా చూసిందెంత?

ఫ్రెంచి రచయిత ఎమిల్ జోలా బొగ్గుగని కార్మికులపై రాసిన నవల 'జెర్మినాల్'లో సమ్మెకు మూలం ఉపన్యాసం కాదు, కూలి లెక్క. గనిలో నింపిన టబ్బులను బట్టి కూలి. పైకప్పు కూలకుండా కర్రల ఆసరాలు నిలబెట్టే పనికి విడిగా పైసా రాదు. అందుకే ఆ పని తూతూమంత్రంగా సాగుతుంది, కప్పు కూలుతుంది. ఆసరాల పనికి వేరే ఇస్తాం, టబ్బు రేటు మాత్రం 50 సాంటీమ్‌ల (ఫ్రాంకులో నూరో వంతు) నుంచి 40కి దించుతాం అంటుంది కంపెనీ. కాగితం మీద చెల్లుకు చెల్లు. కార్మికుడి చేతికొచ్చేది మాత్రం తగ్గుతుంది.

ఈ పట్టు ఇంట్లో కూర్చుంటే రాదు. 1884 ఫిబ్రవరిలో ఉత్తర ఫ్రాన్స్‌లోని అంజాన్ గనుల్లో సమ్మె మొదలైన కొద్దిరోజులకే జోలా అక్కడికి చేరాడు. రెనార్ గనిలో 675 మీటర్ల లోతుకు దిగాడు, కార్మికుల ఇళ్లు తిరిగాడు, చూసిందల్లా రాసుకున్నాడు. ఆయన పనికో వరస ఉండేది: కథ గురించి తనతో తానే వాదించుకుంటూ రాసుకునే ముసాయిదా, ఒక్కో పాత్రకు వయసు, రూపం, వంశం రాసిన కాగితం, అధ్యాయాలవారీ ప్రణాళిక. ఏప్రిల్ 2న మొదలుపెట్టిన నవల 1885 జనవరి 23న పూర్తయింది. కానీ నవంబరు నుంచే పత్రికలో సీరియల్‌గా వస్తోంది. అచ్చయిన భాగాన్ని వెనక్కి తీసుకునే వీల్లేదు, ప్రణాళిక పక్కాగా ఉండి తీరాలి.

తేలిపోయింది ఆయన సిద్ధాంతమే. శరీరధర్మ శాస్త్రవేత్త క్లోద్ బెర్నార్ వైద్య ప్రయోగాల బాటలో నవల కూడా ప్రయోగమేనని 1880లో వాదించాడు. ప్రయోగశాలలో ఫలితం ప్రకృతి ఇస్తుంది. నవలలో రచయితే ఇచ్చుకుంటాడు. 'జెర్మినాల్' కథానాయకుడు ఎటియెన్ తన ప్రత్యర్థి షవాల్‌ను చంపే చోట జోలా ఎటియెన్ తాగుబోతు వంశపు రక్తాన్ని సాక్ష్యానికి పిలుస్తాడు. నీళ్లు నిండిన గని, ఆకలి, ఇద్దరూ కోరుకున్న కాతరీన్ మధ్యలో, పాత పగ. ఇంకా రక్తం ఎందుకు?

1898 జనవరి 13న 'లోరోర్' పత్రికలో గూఢచర్యం నేరం అన్యాయంగా మోపి శిక్షించిన ఫ్రెంచి సైనికాధికారి డ్రేఫస్ తరఫున జోలా రాసిన లేఖలోనూ ఈ బలం, ఈ బలహీనత రెండూ ఉన్నాయి. నిందితుల పేర్లు, ఒక్కొక్కరి నేరం వరసగా చెప్పాడు. 1881 పత్రికా చట్టంలోని 30, 31 సెక్షన్ల కింద తనపైనే కేసు పెట్టుకోమన్నాడు. పెట్టారు, ఏడాది జైలు, 3000 ఫ్రాంకుల జరిమానా పడింది. కానీ సైన్యం లోపలి వ్యవహారం ఆయన గనిలా దిగి చూసింది కాదు. అందుకే డ్రేఫస్‌పై తొలి విచారణ జరిపిన అధికారి డు పాటీ డి క్లామ్‌ను నవలలో ప్రతినాయకుడిలా అన్నిటికీ సూత్రధారిని చేశాడు. డ్రేఫస్‌కు వ్యతిరేకంగా దొంగ పత్రం తయారుచేసిన సైనికాధికారి హెన్రీ పేరు ఆ నేరాల జాబితాలోనే లేదు. హెన్రీ ఆగస్టు 30న నేరం ఒప్పుకున్నాడు, మర్నాడు గొంతు కోసుకున్నాడు. అప్పటికి జోలా శిక్ష తప్పించుకుని ఇంగ్లండ్‌లో తలదాచుకుంటున్నాడు.