నిద్ర గోలీని ఒక్కరోజులో మాన్పించకండి

ముసలోళ్ల చేతిలోంచి గోలీల షీటు గుంజుకుని "ఇగ బంద్ చెయ్" అనే కొడుకులు, బిడ్డలు ఇది చదవాలి. మీరు ప్రేమతోనే చేస్తారు, కానీ ప్రాణం మీదికొచ్చేది అక్కడే.

నిద్రకని ఇచ్చే అల్ప్రాజోలం గోలీ రోజూ వేసుకుంటే కొన్ని వారాల్లోనే ఒళ్లు దానికి అలవాటు పడుతుంది. దాని ప్రభావం తొందరగా దిగిపోతుంది కాబట్టి తర్వాతి గోలీ వేళకు ముందే దడ, చెమటలు, చేతుల వణుకు మొదలవుతాయి. ఉన్నపళంగా ఆపితే ఒకటి రెండు రోజుల్లో నిద్ర పూర్తిగా పోతుంది. లేని మనుషులు కనబడొచ్చు, ఫిట్స్ రావొచ్చు. ఇంట్లోవాళ్లేమో "గాలి సోకింది" అని తాయెత్తు కట్టిస్తారు!

మన వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ పల్లెల్లో ఇంకో చిక్కుంది. కల్తీ కల్లులో కలిపేవాటిలో అల్ప్రాజోలం, అదే జాతి మందు డయాజిపామ్ కూడా ఉంటాయి. చీటీలో రాత్రికి ఒక్క గోలీయే ఉంటుంది, ఒంట్లోకి పోయేది ఎంతో ఎవరికీ తెలియదు. డాక్టర్ "తాగుతారా?" అంటే "లేదు సార్" అంటారు, కల్లు లెక్కలోకే రాదు. పూటకు ఎన్ని సీసాలో దాచకుండా చెప్పండి.

గోలీ కింద దాగిన జబ్బును ఎవరూ చూడకపోవడమే నా అసలు బాధ. దిగులు, పానిక్ (ఉన్నట్టుండి ముంచుకొచ్చే భయం), ఎక్కువైన థైరాయిడ్... ఇవన్నీ "నిద్ర పట్టట్లేదు" అనే ఒక్క మాటతోనే దవాఖానకు వస్తాయి. గురకలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవాళ్లకు, దమ్ము జబ్బు ఉన్నవాళ్లకు ఈ గోలీ ఊపిరిని ఇంకా మందగింపజేయొచ్చు. తాగుడు గానీ, ట్రమడాల్ అనే నొప్పుల గోలీ గానీ తోడైతే ప్రాణమే పోవచ్చు. పెద్దవయసులో మతిమరుపు ముదురుతుంది, రాత్రి మూత్రానికి లేచి పడితే తుంటి విరుగుతుంది.

మాన్పించడం సైకియాట్రిస్టు చేతుల మీదుగానే జరగాలి. మామూలుగా రెండు నుంచి నాలుగు వారాలకోసారి 5–10 శాతం చొప్పున తగ్గిస్తారు, నెలలు పడుతుంది. చాలామందికి చివరి పావు మిల్లీగ్రామే కష్టం. తగ్గించేటప్పుడు వెలుతురు, చప్పుడు భరించలేకపోతే అది గోలీ తగ్గడం వల్ల కూడా కావొచ్చు; పాత జబ్బు తిరగబెట్టిందని మళ్లీ డోసు పెంచేయకండి, డాక్టర్‌ను అడగండి.

అల్ప్రాజోలం 2014 నుంచి షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ మీదే, లెక్క రాసి అమ్మాల్సినది. ఎవరికి, ఏ డాక్టర్ రాస్తే, ఎన్ని ఇచ్చారో షాపులో రాసి మూడేళ్లు ఉంచాలి. పాత చీటీకి షీట్లు షీట్లు ఇచ్చేవాళ్లను గట్టిగా అడగాలి.

సలహాకు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టొద్దు, 108కు ఫోన్ చేయండి. వరంగల్ ఎంజీఎం దవాఖానకు పోయేటప్పుడు ఖాళీ షీటు కూడా పట్టుకుపోండి. అది చూస్తేనే డ్యూటీ డాక్టర్‌కు గోలీ ఆగడం వల్ల వచ్చిన ఫిట్స్ అన్న అనుమానం తడుతుంది.