మెరవని ఇంజనుకు మన్నన లేదు

నల్లగొండ నుంచి జడ్చర్ల దాకా ఏ మెకానిక్ షెడ్డులోనైనా, సిలిండరు అరిగి బోరుకు వచ్చిన బండి ఇంజనును విప్పి మళ్లీ బిగించే పనిలో కీలక ఘట్టం పిస్టన్ గ్యాపు చూడడమో వాల్వులు కూర్చోబెట్టడమో అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారు. సిలిండరు పైమూత అయిన హెడ్డును, చాంబరును పండుగనాటి సిల్వర్ గిన్నెల్లా తెల్లగా తోమి యజమాని ముందు పెట్టడమే అసలు ఘట్టమని అనుభవజ్ఞులకు తెలుసు. లోపలి పని యజమానికి కనబడదు, మెరుపు కనబడుతుంది. కనబడే దానికి డబ్బు ఇవ్వడమే న్యాయం.

ఇందుకు మన షెడ్లు ఎంచుకున్న రాచమార్గం కాస్టిక్ సోడా. పాతకాలపు పోత ఇనుము బ్లాకులను వేడి సోడా నీళ్లలో ఉడికిస్తే జిడ్డూ రంగూ ఊడిపోయి, ఇనుము చెక్కుచెదరకుండా బయటికి వచ్చేది. ఇనుముకు జరిగిన మర్యాద ఇప్పటి హెడ్లలోని అల్యూమినియానికి ఎందుకు జరగకూడదన్నది సమానత్వం కోరేవారి ప్రశ్న. రసాయన శాస్త్రం మాత్రం ఈ సమానత్వానికి ఒప్పుకోదు. గాలి తగలగానే అల్యూమినియం తన మీద కప్పుకునే కొన్ని నానోమీటర్ల ఆక్సైడ్ పొరను సోడా ముందుగా లాగేసి, ఆపైన లోహాన్నే తినడం మొదలుపెడుతుంది. తింటున్నంతసేపూ పైకి తేలే బుడగలు హైడ్రోజన్ వాయువు. 2023 జనవరిలో కేంద్ర మంత్రివర్గం 19,744 కోట్ల రూపాయలతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించినప్పుడు, అంతకు ఎంతో ముందునుంచే పాత బకెట్టులో, పక్కన బీడీ కాల్చుకుంటూ, అదే వాయువును పుట్టిస్తున్న మనవాళ్లను ఎవరూ సంప్రదించకపోవడం ఈ జిల్లాలకు జరిగిన అన్యాయాల్లో ఒకటిగా నమోదు కావలసి ఉంది. పైగా ముంచిన ప్రతిసారీ హెడ్డు కాస్త కరుగుతుంది గనుక బండి బరువు తగ్గి మైలేజీ పెరగాలి. ఈ లాభాన్ని బిల్లులో రాసుకోకపోవడం మెకానిక్ వినయం. సిలికాన్ కలిసిన పోత లోహం సోడాలోంచి నల్లబడి వస్తుందా, బాత్రూములు కడిగే యాసిడ్ ఉండనే ఉంది. దానికీ అల్యూమినియం అంటే ఇష్టమే.

నిజానికి అల్యూమినియం రసాయనం నల్లగొండకు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీటిని పటిక, సున్నంతో శుద్ధి చేసేందుకు కేంద్ర ప్రభుత్వ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన పద్ధతికి ఈ ఊరి పేరే ఉంది. పటికలోని అల్యూమినియమే అక్కడ ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతుంది. అయితే ఆ పటికను నీటిని పరీక్షించి, తూచి వేస్తారు. సోడాను ప్లాస్టిక్ మగ్గుతో వేస్తారు.

సోడాకు లొంగని మూలల కోసం వైర్ బ్రష్, ఎమిరి పేపరు అనే గరుకు కాగితం వస్తాయి. రెండు భాగాల మధ్య నూనె కారకుండా పెట్టే ప్యాకింగ్ కూర్చునే ముఖం ఎంత చదునుగా ఉండాలో కంపెనీ పుస్తకాలు చెబుతాయి, చాలా చిన్న ఇంజన్లకు ఆ హద్దు 0.05 మిల్లీమీటరు దరిదాపుల్లోనే ఉంటుంది. కానీ పుస్తకం రాసినవాడు మన కుర్రవాడి మణికట్టు బలాన్ని చూసి ఉండడు. ముఖం మీద గీతలు పడితే ప్యాకింగ్‌కు సీలెంటు పూయవచ్చు, నూనె కారితే కింద అట్టముక్క పరచవచ్చు. ఇంతకన్నా మెచ్చుకోవలసింది ఎమిరి రేణువుల స్వామిభక్తి. అల్యూమినియం కన్నా ఎన్నో రెట్లు గట్టివైన ఆ రేణువులు మెత్తని లోహంలో దిగబడి, నూనె దారుల్లో దాక్కుని, ఇంజను స్టార్టయ్యాక నూనెతో కలిసి బేరింగుల దాకా వెళ్లి, అక్కడ కూడా తమ పని కొనసాగిస్తాయి. ఒక్క కాగితంతో పైన హెడ్డూ లోపల బేరింగూ నునుపు తేలే ఈ పొదుపు ఏ కంపెనీ సర్వీసు సెంటరులోనూ దొరకదు.

ఇన్ని సౌకర్యాలుండగా కొందరు మొండి మేస్త్రీలు భాగాలను డీజిల్‌లో రాత్రంతా నానబెడతారు. నైలాన్ బ్రష్‌తో తోముతారు. పాత ప్యాకింగును ఉలితో చెక్కకుండా ప్లాస్టిక్ పలకతో ఓపికగా గీకుతారు. సబ్బు కలిపిన వేడి నీళ్లతో కడిగి, ప్రతి నూనె రంధ్రంలోనూ గాలి కొట్టి, ఆరబెట్టి, అప్పుడు గానీ బిగించరు. ఇంత చేసినా హెడ్డు బూడిద రంగులోనే, అక్కడక్కడా పాత మరకలతోనే మిగులుతుంది. దాన్ని చూసి "ఇదేంది, కడగనే లేదు కదా" అని నిలదీసే హక్కు డబ్బు కట్టే యజమానికి ఉంది. మరక ఉన్నా ఇంజనుకు నష్టం లేదని ఆయనకు నచ్చజెప్పడం కన్నా, హెడ్డును సోడా నీళ్లలో ఇంకో అరగంట ముంచడం మేస్త్రీకి తేలిక.