సవరణ: పూల లోయలో రాత్రి బస లేదు

ఉత్తరాఖండ్‌లోని పూల లోయ జాతీయ ఉద్యానం గురించి ఇంతకుముందు రాస్తూ, మే నెలాఖరుకే బయలుదేరవచ్చని, లోపల గుడారం వేసుకుని రాత్రి ఉండవచ్చని చెప్పాను. రెండూ తప్పే. నా మాట నమ్మి సెలవు పెట్టుకున్నవారు దయచేసి తేదీలు మార్చుకోండి.

లోయలోకి ప్రవేశం జూన్ 1 నుంచి అక్టోబరు 31 వరకే. లోపల రాత్రి బసకు అనుమతి లేదు. పొద్దున్నే లోయకు దగ్గరలోని ఘాంఘ్రియా ఊరి నుంచి నడిచి వెళ్లి, చీకటి పడకముందే అక్కడికే తిరిగి రావాలి. కాబట్టి గుడారం మోయకండి, మంచి వానకోటు పెట్టుకోండి. పూలు విరగబూసే జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య వరకు వానలు కూడా ఎక్కువే. కొండచరియలు విరిగి దారులు మూతపడతాయి. రెండు రోజులు అదనంగా ఉంచుకోవడం మేలు.

ఆ రాతలోనే బ్రహ్మకమలం ఫొటో కింద 'లోయలో' అని రాశాను. అది లోయలో కాదు, ఘాంఘ్రియా నుంచి హేమకుండ్ సాహిబ్ అనే సిక్కు గురుద్వారాకు వెళ్లే దారిలో, 4,000 మీటర్లు దాటాక, తడిసిన బండల సందున కనిపించింది. పలుచని కాగితంలాంటి లేతాకుపచ్చ రేకులు, వాటి మధ్య ఊదారంగు గుత్తి. చేత్తో తాకలేదు, మీరూ తాకవద్దు.

లోయలో 1939లో పూలు సేకరిస్తూ జారిపడి మరణించిన వృక్షశాస్త్రజ్ఞురాలు జోన్ మార్గరెట్ లెగ్ సమాధి ఉంది. తడి రాళ్లపై అడుగు చూసి వేయండి.