విమానం ఎగురుతుంది సరే, నూనె ఎక్కడిది?

2023 నవంబర్ 28న వర్జిన్ అట్లాంటిక్ వారి బోయింగ్ 787 ఒకటి లండన్‌లో బయల్దేరి న్యూయార్క్‌లో దిగింది. దాని ట్యాంకుల్లో పెట్రోలియం కిరోసిన్ అసలు లేదు. ఇంధనంలో 88 శాతం పారేయాల్సిన నూనెలు, కొవ్వుల నుంచి తీసింది. మిగతా 12 శాతం మొక్కల చక్కెరల నుంచి చేసిన ఆరోమాటిక్ కిరోసిన్. నూనెల నుంచి వచ్చే ఇంధనంలో ఆరోమాటిక్స్ అనే వలయాకారపు అణువులు దాదాపు ఉండవు. అవి కొంతైనా ఉంటేనే ఇంధన వ్యవస్థలోని రబ్బరు సీళ్లు ఉబ్బి బిగుతుగా ఉంటాయి, లేదంటే లీకయ్యే ప్రమాదం ఉంది. రోజువారీ విమానాల్లో ఈ రకం ఇంధనాన్ని 50 శాతానికి మించి కలపనివ్వకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

ఈ ఇంధనంతో విమానం ఎగురుతుందా అన్న ప్రశ్నకు అలా జవాబు దొరికింది. నన్ను కలవరపెట్టేది వేరే ప్రశ్న. ఆ నూనె ఎక్కడి నుంచి వస్తుంది?

బ్యాటరీలు పెట్టుకోవచ్చు కదా అనేవాళ్లున్నారు. కిలో కిరోసిన్‌లో దాదాపు 12 కిలోవాట్ అవర్ల శక్తి ఉంటుంది. కిలో లిథియం బ్యాటరీలో పావు కిలోవాట్ అవర్ ఉంటే గొప్ప. ఆ బరువుతో సముద్రాలు దాటలేం. హైడ్రోజన్ కావాలంటే విమానాన్నీ విమానాశ్రయాన్నీ కొత్తగా కట్టుకోవాలి. ఇవాళ కొన్న విమానాలు ఇంకో పాతికేళ్లు తిరుగుతాయి కాబట్టి దూర ప్రయాణాలకు ద్రవ ఇంధనం తప్పదు.

జీవ ఇంధనం కాల్చినా ఇంజన్ నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంటుంది. తేడా అంతా ఆ కార్బన్ మూలంలో ఉంది. అది మొన్నమొన్న మొక్క గాలిలోంచి తీసుకున్నదా, కోట్ల ఏళ్లుగా భూమిలో పడి ఉన్నదా అన్నదే లెక్క. అంటే లాభం ఉందో లేదో తేలేది ఇంజన్ దగ్గర కాదు, పొలం దగ్గర.

అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో లెక్కలు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. పెట్రోలియం ఇంధనానికి ఒక్కో మెగాజౌల్ శక్తికి, కార్బన్ డయాక్సైడ్ లెక్కలో, 89 గ్రాముల ఉద్గారాలు. వాడేసిన వంటనూనె నుంచి చేస్తే 13.9 గ్రాములు. పామాయిల్ నుంచి చేస్తే, అడవులు పోయి తోటలు రావడం వల్ల జరిగే నష్టాన్ని కూడా కలుపుకుని, 76.5 గ్రాములు. అదీ మిల్లు మురుగు నుంచి లేచే మీథేన్‌ను పట్టి ఉంచినప్పుడే. దాన్ని గాలికి వదిలేస్తే 99.1, అంటే పెట్రోలియం కన్నా ఘోరం. రిఫైనరీలో పద్ధతి ఒకటే. నూనెకు హైడ్రోజన్ ఎక్కించి ఆక్సిజన్ తీసేస్తారు, పొడవాటి గొలుసులను విరిచి, మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టకుండా చేస్తారు. బయటికొచ్చే ఇంధనమూ ఒకటే. ట్యాంకులో చూసి ఏది ఎక్కడిదో చెప్పడం చాలా కష్టం.

పెట్రోలియానికి బదులుగా ఇప్పుడు తయారవుతున్న ఇలాంటి ఇంధనంలో, అంటే 'సుస్థిర ఇంధనం'లో, అత్యధిక భాగం ఈ నూనెల దారిలోనే వస్తోంది. కానీ వాడేసిన నూనె ఎంతని దొరుకుతుంది? విమాన సంస్థల సంఘం ఐఏటీఏ అంచనా ప్రకారం 2024లో తయారైన సుస్థిర ఇంధనమంతా కలిపి 10 లక్షల టన్నులు, మొత్తం విమాన ఇంధనంలో 0.3 శాతం. గిరాకీ పెరిగి, వాడేసిన నూనెకు తాజా నూనె కన్నా ఎక్కువ ధర పలికితే, తాజాదాన్నే వాడేసినదిగా చూపించి అమ్మాలన్న ఆశ పుడుతుంది. ఐరోపాలో ఇలాంటి అనుమానాలు ఇప్పటికే వచ్చాయి.

ఇక బీడు భూముల్లో నూనె మొక్కలు పెంచుదామన్న మాట. 2008 డిసెంబర్ 30న ఎయిర్ న్యూజిలాండ్ జట్రోఫా (అడవి ఆముదం) నూనెతో చేసిన ఇంధనాన్ని సగం కలిపి ఒక ఇంజన్‌లో పరీక్షించింది. అప్పట్లో ఎన్ని ఆశలో! జట్రోఫా బీడులో బతుకుతుంది, నిజమే. కాయలు బాగా కాయాలంటే మాత్రం దానికీ నీళ్లూ ఎరువూ కావాలి. ఆ రెండూ ఉన్నచోట ఎవరైనా తిండి పంటే వేసుకుంటారు.

మిగిలింది గడ్డి, కలప వ్యర్థాలు, చెత్త. ఇది కష్టమైన దారి. అమెరికాలోని నెవాడాలో చెత్త నుంచి ఇంధనం తీయబోయిన ఫుల్‌క్రమ్ సంస్థ 2024లో దివాలా తీసింది. గడ్డిని పోగుచేసి మోయడమే పెద్ద ఖర్చు, పైగా కొంత పొలంలోనే ఉంచకపోతే నేల సారం పోతుంది. అయినా పెట్టుబడి ఇటే వెళ్లాలని నా గట్టి నమ్మకం.

యూరోపియన్ యూనియన్ 2025లో 2 శాతం, 2030కి 6, 2050కి 70 శాతం సుస్థిర ఇంధనం కలపాలని చట్టం చేసింది. ఆహార, పశుదాణా పంటల నుంచి చేసిన ఇంధనం ఆ లెక్కలోకి రాదు. ఆ చట్టం మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ నిబంధనే. ఈ ఇంధనం మామూలు కిరోసిన్ కన్నా రెండు మూడు రెట్లు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువ ఖరీదు. ఆ భారం టికెట్ మీద పడనివ్వండి, అడవి మీద కాదు. తనిఖీ చేసేవాళ్లు రిఫైనరీ గేటు దగ్గర కాగితాలు చూసి వెనుదిరగకుండా, నూనె డబ్బాలు పోగుచేసే చోటుకే వెళ్లి, అక్కడ నిజంగా అంత నూనె పోగవుతోందా అని కొలవాలి.