ప్రమాదం దానంతట అదే తప్పిందా?

"త్రుటిలో తప్పిన పెను ప్రమాదం" అన్న హెడ్డింగ్ చూసినప్పుడల్లా నా మనసు చివుక్కుమంటుంది. కింద వార్త చదివితే, గుండెనొప్పి వస్తున్నా డ్రైవర్ బస్సును పక్కకు తీసి ఆపాడనో, విరిగిన పట్టా చూసి ఎవరో పరుగెత్తి రైలును ఆపించారనో ఉంటుంది. మరి ప్రమాదం తప్పిందా, తప్పించారా?

ఈ తేడా చెప్పడానికి తెలుగులో ఒక్క "ఇంచు" చాలు. నవ్వు, నవ్వించు. తప్పు, తప్పించు. వ్యాకరణంలో దీన్ని ప్రేరణార్థకం అంటారు. ఆ ముక్క చేరగానే క్రియ వెనక ఒక మనిషి వచ్చి నిలబడతాడు. తీసేస్తే ఆ మనిషి కనబడడు. చెడు జరిగినా ఇదే వరస. "అదుపు తప్పి బోల్తా పడిన లారీ" అని రాస్తారు. డ్రైవర్‌కు నిద్ర లేకుండా రెండు రాత్రులు బండి నడిపించిన యజమాని ఆ మాటల్లో ఎక్కడా ఉండడు.

మాట తప్పడం, దారి తప్పడం, స్పృహ తప్పడం, నెల తప్పడం... "తప్పు" అనే క్రియకు ఎన్ని వాడుకలో! వీటిలో చాలావరకు మన చేతిలో లేనివి, చేయి జారినవి. "తప్పించు" అలా కాదు, అది ఎవరో పూనుకుని చేసేది.

దానికి "కొను" చేర్చండి. అడ్డం పడి ఇంకొకరికి దెబ్బ తగలకుండా చూస్తే తప్పించడం, తాను మాత్రం బయటపడితే తప్పించుకోవడం. "ఇంచు" లేకుండా "తప్పుకోవడం" అంటే తనంతట తాను పక్కకు జరగడం. మా ఆఫీసులో ఒకావిడను బాధ్యతల నుంచి తప్పించారు. అందరికీ వచ్చిన మెయిల్‌లో మాత్రం "ఆవిడ తప్పుకున్నారు" అని ఉంది. ఆ మెయిల్ చదివి ఆవిడ ఏమీ మాట్లాడలేదు. పైవాళ్ల నిర్ణయం కాస్తా ఆవిడ ఇష్టమైపోయింది. అప్పుడు నేనూ నోరు విప్పలేదు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఇక "తప్పించుక తిరుగువాడు ధన్యుడు సుమతీ" అంటూ పని ఎగ్గొట్టేవాళ్లకు ఒక మాట. దాని పైపాదం "నొప్పింపక తానొవ్వక". ఎదుటివాళ్లను నొప్పించకుండా, తానూ నొచ్చుకోకుండా మెలగమంటోంది పద్యం. మీ పని పక్కవాడి నెత్తిన పడితే అతనికి నొప్పి కాదా? సగం పద్యం చెప్పి దాన్ని సాకుగా వాడకండి.

వార్తలు రాసే మిత్రులారా, ఈసారి "ప్రమాదాన్ని తప్పించిన డ్రైవర్" అని పెట్టండి. మీ హెడ్డింగ్‌లో అంత చోటు ఉంది.