సోషల్ టీచర్ల శిక్షణలో చరిత్రకు చోటేది?

మన హైస్కూళ్లలో చరిత్ర టీచర్ అనే పోస్టే లేదు. ఉన్నది సోషల్ స్కూల్ అసిస్టెంట్. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ ఆ ఒక్కరే చెప్పాలి. డిగ్రీలో చరిత్ర చదవకుండానే బీఈడీ చేసి, డీఎస్సీ కొట్టి వచ్చినవాళ్లు వీళ్లలో ఉంటారు. తప్పు వాళ్లది కాదు, నియామక నిబంధనలే అలా ఉన్నాయి. మరి ఆ లోటును ఉద్యోగంలో చేరాక ఇచ్చే శిక్షణే తీర్చాలి కదా!

ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. 2019లో మొదలైన కేంద్ర ప్రభుత్వ టీచర్ల శిక్షణ కార్యక్రమం నిష్ఠ ఉంది, ఆన్‌లైన్‌లో నేర్చుకోవడానికి దీక్షా పోర్టల్ ఉంది, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులు ఉన్నాయి. కానీ ఆ సమయంలో ఎక్కువ భాగం అన్ని సబ్జెక్టులకూ ఉమ్మడిగా ఉండే మాడ్యూళ్లకే పోతుంది. సోషల్ టీచర్లు విడిగా కూర్చున్నా మాటంతా సిలబస్, పదో తరగతి పేపర్, మ్యాప్ పాయింటింగ్ చుట్టూనే తిరుగుతుంది. నలుగురూ కలిసి ఒక శాసనాన్ని చదివే పూట మాత్రం రాదు.

బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయ శాసనాన్నే తీసుకోండి. తుపానుకు ఓడలు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే పూర్వపు రాజులు సరుకంతా లాగేసుకునేవారని, తాను మాత్రం సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని అందులో చెప్పుకున్నాడు. గంధం, కర్పూరం, ముత్యాల మీద సుంకమెంతో కూడా రాయించాడు. మామూలుగా క్లాసులో ఇదంతా 'విదేశీ వ్యాపారులకు రక్షణ కల్పించాడు' అన్న ఒక్క వాక్యమైపోతుంది, పరీక్షలో ఒక బిట్టు. అదే శాసన పాఠం చేతిలో ఉంటే ఎన్ని ప్రశ్నలు వేయొచ్చో చూడండి. తన దయ గురించి రాజు తానే రాయించుకుంటే ఎంతవరకు నమ్మాలి? వ్యాపారులకు ధైర్యం చెప్పాల్సిన అవసరం ఎందుకొచ్చింది, వాళ్లొస్తే ఖజానాకేం లాభం? పాత రాజులు నిజంగానే అలా చేశారా, ఇంకెక్కడైనా ఆధారం ఉందా?

ఇలా అడగడం టీచరుకే అలవాటు కాకపోతే పిల్లలకు అందేది పేర్లు, తేదీలే. ఆ పిల్లలే ఇంటికెళ్లి వాట్సాప్‌లో, యూట్యూబ్‌లో చరిత్ర పేరుతో ఏది కనిపిస్తే అది చూస్తున్నారు, ఇది ఎవరు చెప్పారు, ఆధారమేంటి అని అడగడం బడిలో నేర్చుకోకపోతే ఇంకెక్కడ నేర్చుకుంటారు?

ఆ 50 గంటల్లో కనీసం 10 గంటలు పూర్తిగా చరిత్రకే ఇవ్వాలి. కడప టీచర్లను తొలి తెలుగు శాసనం దొరికిన కలమళ్లకు, సూర్యాపేట వాళ్లను బౌద్ధ శిథిలాలున్న ఫణిగిరికి, జగిత్యాల వాళ్లను శాతవాహనుల కాలపు కోటిలింగాలకు తీసుకెళ్లొచ్చు. దగ్గర్లోని డిగ్రీ కాలేజీ చరిత్ర అధ్యాపకులను, పురావస్తు శాఖవాళ్లను రిసోర్స్ పర్సన్లుగా పిలవొచ్చు. దీనికి పెద్ద బడ్జెట్ కూడా అక్కర్లేదు. అయితే పదో తరగతి పేపర్లో ఒక శాసన భాగం ఇచ్చి అడిగే ప్రశ్న ఒక్కటైనా రావాలి. లేకపోతే శిక్షణలో ఎంత నేర్చుకున్నా రిజల్ట్స్ టెన్షన్‌లో క్లాసుకు చేరదు. ఉపాధ్యాయ సంఘాలు పీఆర్సీ, బదిలీలతో పాటు ఈ రెండింటినీ తమ డిమాండ్లలో చేర్చాలి.