శరీరం నేర్చుకుంటుందట!

మేకు గుచ్చుకున్న కాలిని కుర్చీ మీద పెట్టుకుని ఒక పెద్దమనిషి సెలవిచ్చారు: "సహజంగా వచ్చే ఇమ్యూనిటీయే అసలు ఇమ్యూనిటీ." ధనుర్వాతం రాకుండా వేసే టీటీ ఇంజెక్షన్ మాటెత్తితే జాలిగా నవ్వారు. శరీరానికి నేర్చుకునే అవకాశం ఇవ్వాలట.

సరే, ఇద్దాం. శరీరం పలకా బలపం పట్టుకుని కూర్చుంది. మట్టిలో ఏళ్ల తరబడి పడుకున్న స్పోరు, అంటే గట్టి పెంకులో ముడుచుకున్న సూక్ష్మజీవి, గాలాడని గాయంలో నిద్రలేచి, బ్యాక్టీరియాగా మారి విషం వదిలింది. పంతులుగారు వేంచేశారన్నమాట. కాకపోతే మహా పొదుపరి. కిలో బరువుకు 2.5 నానోగ్రాములు చాలు, మనిషి పోతాడు. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లో వంతు! ఇంత పిసరుకి ఇమ్యూనిటీ తల కూడా తిప్పదు. "ఇంకా ఎవరూ రాలేదే" అని అది గుమ్మంవైపు చూస్తుండగానే, పంతులుగారు నరాల వెంట పాకి వెన్నుపాము చేరి, కండరాలను సడలించే సంకేతాలను ఆపేస్తారు. దవడ బిగుస్తుంది, ఒళ్లు విల్లులా వంగుతుంది. ధనుర్వాతం అని ఊరికే అన్నారా? విద్యార్థి మాత్రం పూర్తి స్పృహలో ఉంటాడు. ఒక్క క్లాసూ మిస్ కాడు.

పోనీ, బతికి బయటపడితే సర్టిఫికెట్ ఇస్తారా? ఇవ్వరు. జబ్బు మళ్లీ రావచ్చు. బతికినవాళ్లూ టీకా వేయించుకోవాల్సిందే.

ఫ్రాన్సులో గాస్టన్ రామోన్ అనే శాస్త్రవేత్త 1920లలోనే డిఫ్తీరియా అనే మరో జబ్బు విషానికి ఫార్మాలిన్ అనే రసాయనంతో, వేడితో కోరలు పీకాడు. రూపం అదే, కాటు లేదు. దాన్నే టాక్సాయిడ్ అంటారు. ధనుర్వాతం టీకా కూడా అదే బాపతు. శరీరం తీరిగ్గా చూసి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అవి విషాన్ని నరంలోకి దూరకముందే పట్టుకోవాలి. దూరాక అవి చేయగలిగేదేమీ లేదు.

ఈయన కాలు ఈయనిష్టం. కానీ 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 7,87,000 మంది పసిగుడ్లు ధనుర్వాతంతో పోయారు. బొడ్డు కోసినచోట విషం పుట్టి, దవడ బిగిసి, పాలు తాగలేక! తల్లికి టీకా పడితే యాంటీబాడీలు మాయ దాటి కడుపులో బిడ్డకు చేరతాయి. అంతమాత్రం దక్కక పోయారు. ఆ పిల్లలు ఏం నేర్చుకున్నారయ్యా? ఏ తల్లి ముందు నిలబడి అంటారు మీరు, సహజం అని?

ఆయన ఇంకా చెబుతూనే ఉన్నారు. మేకు కొత్తదట, తుప్పే లేదట. స్పోర్లుండేది తుప్పులో కాదు, మట్టిలో అన్నాను. మట్టి కూడా సహజమే కదా అన్నారు.